ఇల్లు ఎలా కడతారో చిన్నపిల్లలకి చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, ఇటు బరంపురం వైపు ఉండే మన తెలుగు అమ్మానాన్నలు, అంగన్వాడీ వాళ్ళు, చిన్న బడుల టీచర్లు మళ్ళీ మళ్ళీ అడిగేవన్నీ ఒకచోట రాస్తున్నా. మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి. నేను ఇంజనీర్ని కాదు, చిన్నపిల్లల టీచర్ని. మేస్త్రిల్ని అడిగి తెలుసుకున్నవి, పిల్లలతో చేయించదగ్గవి మాత్రమే ఇక్కడ పెట్టాను.

ఇంత చిన్న పిల్లలకి ఇల్లు కట్టడం గురించి చెప్పడం అవసరమా అండి?

అవసరమే. పిల్లలు పుట్టినప్పటినుంచి ఇంట్లోనే ఉంటారు కానీ ఆ గోడ ఎవరు కట్టారు, ఆ ఇటుక ఎక్కడినుంచి వచ్చింది, పైకప్పు మన మీద ఎందుకు పడట్లేదు అని వాళ్ళకి ఎవరూ చెప్పరు, ఎక్కువమంది పెద్దవాళ్ళకి కూడా సరిగ్గా తెలీదు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే కొలతలు వస్తాయి, లెక్కలు వస్తాయి, మట్టి నీళ్ళు గాలి బరువు అన్నీ వస్తాయి, వీధిలో పనిచేసే మనుషులు కూడా పాఠంలోకి వస్తారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ళ వయసుని ఒకే దశగా తీసుకుని ఆటల్తో, చేతిపనితో నేర్పమనే చెప్తోంది, కాబట్టి సిలబస్ బయట విషయం అని భయపడక్కర్లేదు.

మొదలు ఎక్కడ పెట్టాలి? రంగులేసే పుస్తకంలో ఇంటి బొమ్మ ఉంటుంది కదా, అది చూపించొచ్చా?

దయచేసి దాంతో మొదలెట్టకండి. ఆ బొమ్మలో త్రికోణం కప్పు, దాని మీద పొగగొట్టం, ముందు కంచె ఉంటాయి, మన పర్లాకిమిడి వీధుల్లో అలాంటి ఇల్లు ఎక్కడుంది చెప్పండి. పిల్లలు చూడని ఇంటికి రంగులు వేసి వేసి, ఇల్లు గీయమంటే తమ ఇల్లు గీయడం మానేసి అదే గీస్తారు.

వీధిలో నడిపించండి. పాత వీధుల్లో వరసగా అతుక్కుని ఉండే పెంకుటిళ్ళు, ముందు అరుగులు, మధ్యలో ఒక కొత్త స్లాబ్ ఇల్లు, ఊరి చివర రేకుల షెడ్డు, ఇంకొంచెం కొండ వైపు వెళ్తే గడ్డి కప్పిన సవర గిరిజనుల ఇళ్ళు, ఒక చిన్న నడకలోనే ఎన్నో రకాలు దొరుకుతాయి. ప్రతి ఇంటి ముందూ ఆగి మూడే ప్రశ్నలు అడగండి: పైన ఏముంది? దాన్ని ఏది మోస్తోంది? అది దేని మీద నిలబడింది? మూడో ప్రశ్న దగ్గర పిల్లలు ఆగిపోతారు, ఎందుకంటే పునాది కనపడదు. అక్కడే పాఠం మొదలవుతుంది.

ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే వాళ్ళ చిన్నప్పటి ఇల్లు దేంతో కట్టారో అడిగి రమ్మనండి. చాలా ఇళ్ళలో ఆ కబుర్లు పిల్లలు మొదటిసారి వినేది ఇలాగే.

పునాది అంటే ఏంటో కనపడకుండా ఎలా చెప్పడం?

కనపడేలా చేయొచ్చు. ఒక ట్రేలో తడి ఇసక నింపండి. ఒక పుల్లని నిలువుగా పెట్టి పైనుంచి పిల్లాడిని వేలితో నొక్కమనండి, పుల్ల సర్రున దిగిపోతుంది. ఇప్పుడు అదే పుల్ల కింద ఒక చిన్న చెక్కముక్క పెట్టి అంతే బలంగా నొక్కమనండి, దిగదు, దిగినా కొంచెమే. పునాదిలో పిల్లర్ కింద వెడల్పుగా పోసే ఫుటింగ్ చేసే పని సరిగ్గా ఇదే, పిల్లర్ మీదకొచ్చిన బరువుని ఎక్కువ చోటుకి పరిచేస్తుంది, అప్పుడు కింద నేల తట్టుకుంటుంది. పిల్లలకి పరిచేయడం అనే మాట చాలు, ఒత్తిడి సూత్రాలు ఏమీ వద్దు.

తర్వాత బరువు ఎలా దిగుతుందో పిల్లల చేతే చేయించండి. నలుగురు పిల్లలు నాలుగు మూలలా నిలబడి ఒక అట్టముక్కని చేతుల మీద పైకెత్తి పట్టుకోవాలి, దాని మీద ఒక్కో పుస్తకం పెడుతూ పోవాలి. బరువు ఎక్కడ తెలుస్తోంది అని అడిగితే ముందు చేతులు అంటారు, తర్వాత భుజాలు, ఆఖరికి ఒకళ్ళో ఇద్దరో కాళ్ళు అంటారు. అప్పుడు ఒక పిల్లని పక్కకి రమ్మనండి. మిగతా ముగ్గురికీ ఏమైందో వాళ్ళే చెప్తారు. పిల్లర్ తీసేస్తే ఏమవుతుందో ఆ తర్వాత మీరు నోటితో చెప్పక్కర్లేదు. పుస్తకాలు నోటుబుక్కులే పెట్టండి, పలకలు వద్దు, కాళ్ళ మీద పడతాయి.

పెద్దపిల్లలైతే అంటే ఏడు, ఎనిమిదేళ్ళ వాళ్ళు, కాగితాలు గొట్టాల్లా చుట్టి నిలబెట్టి దాని మీద పుస్తకాలు పేర్చే ఆట బాగుంటుంది. పొట్టి గొట్టాలు ఆశ్చర్యపోయేంత బరువు మోస్తాయి, పొడుగ్గా సన్నగా ఉన్నవి మధ్యలో వంగిపోతాయి. ఎందుకు వంగింది అని మీరు చెప్పేయకండి, ఇంకో గొట్టం చుట్టి ఇవ్వండి చాలు.

నాకు ఇంజనీరింగ్ తెలీదు, ఏది ముందు ఏది తర్వాత అనేదైనా ఒకసారి చెప్తారా?

స్లాబ్ ఇల్లు అయితే మామూలుగా ఇలా జరుగుతుంది. స్థలం చదును చేసి దారాలు కట్టి ముగ్గు పోస్తారు, అంటే గదులు ఎక్కడెక్కడ వస్తాయో సున్నంతో నేల మీద గీస్తారు. ఆ గీత వెంట తవ్వుతారు. గోతి అడుగున పలచగా బెడ్ కాంక్రీట్, దాని మీద ఇనుప జాలీ పెట్టి ఫుటింగ్, అందులోంచి పిల్లర్లు. నేల మట్టానికి వచ్చాక చుట్టూ ప్లింత్ బీము పోస్తారు, ఇది ఇంటికి మొలతాడు లాంటిది, అన్ని పిల్లర్లనీ కలిపి పట్టుకుంటుంది, పిల్లలకి ఆ మాట చెప్తే వెంటనే పట్టేస్తారు. లోపల మట్టి నింపి నీళ్ళు పోసి గట్టిగా దిమ్మిస చేస్తారు. తర్వాత గోడలు. కిటికీ, గుమ్మం పైన లింటెల్ అంటే అడ్డంగా వేసే దిమ్మ, లేకపోతే ఆ ఖాళీ మీద గోడ బరువు మోసేది ఎవరు. తర్వాత సెంట్రింగ్ అంటే స్లాబ్ గట్టిపడేదాకా కింద నుంచి మోసే పలకలు, కర్రలు, ఆపైన ఇనుము కట్టడం, స్లాబ్, నీళ్ళు కట్టడం, సెంట్రింగ్ విప్పడం, కరెంటు పైపులు, గోడ పూత, నేల పని, తలుపులు, రంగులు.

ఈ మొత్తం పిల్లల చేత బట్టీ పట్టించకండి. ఆరు బొమ్మలు గీసి కలిపేసి వరసలో పెట్టమనండి. తప్పు వరస పెట్టినా పర్లేదు, "స్లాబ్ ముందు వేసేస్తే దాన్ని ఎవరు పట్టుకుంటారు నాన్నా" అని అడగండి, వాళ్ళే మార్చుకుంటారు.

ముగ్గు పోయడం పిల్లలతో చేయించొచ్చా?

తప్పకుండా చేయించండి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. బడి ముందు ఖాళీ స్థలంలో నిజం కొలతల్తో ఒక ఇల్లు గీయండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద 2016 నుంచి కడుతున్న ఇళ్ళకి వంటచోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలని రూలు. అంటే ఒక్కో వైపు 5 మీటర్లు వేసి చతురస్రం గీస్తే ఆ ఇల్లు వచ్చేసినట్టే. అందులో పిల్లల్ని నిలబెట్టి మంచం ఎక్కడ, పొయ్యి ఎక్కడ, గుమ్మం ఎటు, బయటికి పోవాలంటే ఎవరి మంచం దాటాలి అని వాళ్ళనే తేల్చుకోమనండి. పొయ్యి పొగ మంచం మీదకి వస్తుందని ఒక పిల్ల అంటుంది, కిటికీ పెడదాం అని ఇంకోడు అంటాడు, వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. కాగితం మీద గదుల ప్లాన్ అర్థం కాని పిల్లలకి కూడా నేల మీద నడిస్తే అర్థమవుతుంది. సున్నం వాడకండి, ఇంట్లో ముగ్గుపిండి చాలు.

మూల సరిగ్గా రావాలంటే మేస్త్రిలు చేసే కిటుకు చూపించండి. మూల నుంచి ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు కొలిచి గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు సరిగ్గా వస్తే మూల నిక్కచ్చిగా ఉన్నట్టు. చిన్న పిల్లల కోసం ఒక తాడుకి సమానంగా 12 భాగాలు వచ్చేలా ముళ్ళు వేసి రెండు చివరలూ కలిపి, ముగ్గురు పిల్లలు 3, 4, 5 భాగాలు వచ్చేలా బిగించి లాగి పట్టుకుంటే చాలు. పైథాగరస్ పేరు పదో తరగతి దాకా ఆగొచ్చు, తాడు మాత్రం ఇప్పుడే పట్టుకోనివ్వండి.

గోడ నిటారుగా ఉందని ఎలా తెలుస్తుందని మావాడు అడిగాడు, ఏం చెప్పాలి?

దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీసి గోడ పక్కన పట్టుకోమనండి. మేస్త్రి గుండు అదే. మీ ఇంట్లో తలుపు, అల్మరా, పాత గోడ అన్నిటి పక్కనా పట్టి చూస్తాడు, ఏదో ఒకటి వంకర దొరికి ఇల్లంతా అరుస్తాడు, ఓర్చుకోండి.

మట్టం చూడ్డానికి పారదర్శకంగా ఉండే సన్న పైపులో రంగునీళ్ళు పోయండి, గాలి బుడగలు లేకుండా. ఇద్దరు పిల్లలు రెండు చివరలూ పట్టుకుని గది ఈ మూల ఒకరు ఆ మూల ఒకరు నిలబడితే నీళ్ళు రెండు వైపులా ఒకే ఎత్తులో ఉంటాయి. గోడ చాటుకి వెళ్ళినా అంతే. నీళ్ళు ఎప్పుడూ మట్టంగానే నిలబడతాయని ఇంత బాగా చూపించే సామాను ఇంకోటి లేదు, పైగా ఖర్చు దాదాపు ఏమీ లేదు.

ఇటుకలు చేయించాలంటే?

బంకమట్టి, కొంచెం ఇసక, కొంచెం వరిపొట్టు లేదా తరిగిన గడ్డి కలిపి తొక్కించండి. గడ్డి ఎందుకంటే ఎండేటప్పుడు మట్టి కుంచించుకుపోయి పగుళ్ళు వస్తాయి, గడ్డి ఆ పగుళ్ళని తగ్గిస్తుంది. ఒక సగం గడ్డి లేకుండా చేసి పక్కపక్కన ఎండబెడితే తేడా పిల్లలే చూస్తారు. అచ్చుకి చిన్న ప్లాస్టిక్ డబ్బా మూత చాలు, లోపల పొడి ఇసక చల్లితే మట్టి అంటుకోదు, ఇటుకల బట్టీ దగ్గర కూడా ఇసకే చల్లుతారు. నీడలో ఆరబెట్టి తర్వాత ఎండలో పెట్టండి. తడి ఇటుక పొడుగు ఒకసారి, ఎండాక ఒకసారి స్కేలుతో కొలిపించండి, తగ్గి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఎండిన పచ్చి ఇటుక ఒకటి, బయట దొరికిన కాల్చిన ఇటుక ముక్క ఒకటి రెండు గిన్నెల నీళ్ళలో వేయండి. పచ్చిది కాసేపట్లో విడిపోయి బురద అవుతుంది, కాల్చింది అలాగే ఉంటుంది, బుడగలు మాత్రం వస్తాయి. బట్టీలో సుమారు 900 నుంచి 1000 డిగ్రీల వేడిలో మట్టి మారిపోతుంది, మళ్ళీ మామూలు మట్టి అవ్వదు. ఆ బుడగలు చూపించి ఇంకో మాట చెప్పండి, ఇటుక నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టే మేస్త్రి గోడ కట్టే ముందు ఇటుకల్ని తడుపుతాడు, లేకపోతే ఇటుకల మధ్య పెట్టే సిమెంట్ మాలులో ఉన్న నీళ్ళన్నీ ఇటుకే తాగేస్తుంది.

పేర్చేటప్పుడు జాయింట్ మీద జాయింట్ రాకూడదు. ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చిన గోడని, పై ఇటుక కింద రెండు ఇటుకల మీద కూర్చునేలా పేర్చిన గోడని పక్కపక్కన పెట్టి తోయమనండి. తర్వాత వీధిలో కనిపించిన ప్రతి పూత లేని గోడ దగ్గరా ఆగి చూస్తారు.

సిమెంట్ తాకనివ్వొచ్చా? చిన్న పని చేయిస్తే బాగుంటుంది కదా.

వద్దండి. తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది, మొదట నొప్పి కూడా తెలీదు, తర్వాత పుళ్ళు పడతాయి. పొడి కంట్లో పడితే ఇంకా ప్రమాదం. రాతి సున్నం అయితే నీళ్ళు తగలగానే ఉడుకుతుంది, అది పిల్లల దగ్గరకే రాకూడదు. పాత ఆస్బెస్టాస్ రేకుల ముక్కలు కూడా బొమ్మ ఇంటికి కప్పులా వాడకండి, విరిచినా కోసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయి జబ్బు చేస్తుంది. బంకమట్టి ఉంది, ఇసక ఉంది, బియ్యప్పిండి గంజి ఉంది, ఇవి చాలు.

సిమెంట్ ఎండితే గట్టిపడుతుంది అని చెప్పాను, సరేనా?

చాలామంది అలాగే చెప్తారు కానీ సరికాదు. బంకమట్టి ఎండి గట్టిపడుతుంది, సిమెంట్ మాత్రం నీళ్ళతో కలిసి వేరే పదార్థంగా మారి గట్టిపడుతుంది, దానికి నీళ్ళు కావాలి. అందుకే స్లాబ్ వేసిన మర్నాడు దాని మీద చిన్న చిన్న మళ్ళు కట్టి నీళ్ళు నిలబెడతారు. మామూలు సిమెంట్‌కి కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంట్‌కి కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలని ఇంజనీర్ల నియమం, ఎక్కువ రోజులు పెడితే ఇంకా మంచిది. కాంక్రీట్ బలం ఎంతో లెక్క చూసేది 28వ రోజున. ఎండ మండిపోతున్నప్పుడు మేడ మీద నీళ్ళు ఎందుకు పోస్తున్నారో పిల్లలు తప్పకుండా అడుగుతారు, అప్పుడు ఇది చెప్పండి.

స్లాబ్‌లో ఇనుము ఎందుకు?

గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తీసుకుని పక్కన పెన్నుతో నిలువు గీతలు గీయండి, దగ్గర దగ్గరగా. రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టి మధ్యలో వేలితో నొక్కండి. పైన గీతలు దగ్గరికి వస్తాయి, కింద గీతలు దూరం జరుగుతాయి. కాంక్రీట్‌ని బాగా నొక్కినా తట్టుకుంటుంది, లాగితే మాత్రం పగిలిపోతుంది. అందుకే లాగుడు పడే కింద వైపు ఇనుప చువ్వలు పెడతారు. ఆరేళ్ళ పిల్లలకి కూడా ఇది అర్థమవుతుంది. బాల్కనీ లాగా గోడ బయటికి చాచి ఉంటే లాగుడు పై వైపు పడుతుంది, ఇనుము పైన ఉండాలి, ఇది చురుగ్గా అడిగే పిల్లలకి మాత్రమే చెప్పండి, స్పాంజి ఒక చివర పట్టుకుని రెండో చివర నొక్కితే తెలిసిపోతుంది.

నిజం సైట్‌కి తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళండి కానీ ఒక్కసారి చూసి వచ్చేయడం కాకుండా ఒకే ఇంటిని పునాది అప్పుడు, గోడలప్పుడు, సెంట్రింగ్ అప్పుడు, పూత అప్పుడు చూపించాలి, అప్పుడే వరస మనసులో పడుతుంది. ఇంటివాళ్ళనీ మేస్త్రిగారినీ ముందే అడగండి. పని ఆగి ఉన్న పొద్దుట పూట గాని భోజనాల వేళ గాని వెళ్ళండి. చెప్పులు కాదు, బూట్లు ఉండాలి, మేకులు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. సెంట్రింగ్ ఉన్న స్లాబ్ కిందకి పిల్లల్ని ఎప్పుడూ తీసుకెళ్ళకండి. నీళ్ళ సంపు మూత లేకుండా ఉంటుంది చాలా చోట్ల, అక్కడికి పోనివ్వకండి, ముందు మీరొక్కరే వెళ్ళి చూసి రావడం మంచిది. అయిదుగురు పిల్లలకి ఒక పెద్ద మనిషైనా ఉండాలి. ఇది కుదరకపోతే రోడ్డు మీద నిలబడి చూపించండి, అదీ చాలు.

మా పిల్లలు గడ్డి ఇల్లు చూసి నవ్వుతున్నారు, పేదోళ్ళ ఇల్లు అంటున్నారు.

ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి. మన జిల్లాల్లో మట్టి ఇల్లు కట్టడం అంటే గొప్ప పనితనం. గుమ్మా వైపు గాని, గుణుపురం అవతల పుట్టాసింగ్ వైపు గాని సవర ఊళ్ళు చూడండి, రాయి మట్టి కలిపి గోడలు లేపి ఎర్రమన్ను పూస్తారు, ముందు ఎత్తుగా అరుగు ఉంటుంది, కప్పు గడ్డిది, చూరు బాగా కిందకి దిగి ఉంటుంది. ఆ చూరు అంత కిందకి ఎందుకుందో పిల్లల్ని అడగండి. వాన మట్టి గోడని తాకకూడదు, అంతే. లోపల గోడ మీద తెల్లటి పిండి రంగుతో వేసే ఇడితాల్ బొమ్మలు ఇప్పుడు దేశమంతా పేరు తెచ్చుకున్నాయి. ఇటు శ్రీకాకుళం సముద్రం వైపు వెళ్తే చుట్టిళ్ళు ఉండేవి, కొన్ని ఇంకా ఉన్నాయి, గుండ్రని మట్టిగోడ, పైన తాటాకు కప్పు నేలకి తగిలేంత కిందకి. గుండ్రంగా ఉంటే తుఫాను గాలి కొట్టడానికి చదునైన గోడ దొరకదు, పక్కనుంచి జారిపోతుంది.

మేలు కీడు రెండూ చెప్పాలి. మట్టిగోడ ఎండాకాలం చల్లగా ఉంటుంది, తాటాకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి, చెదలు పడతాయి, నిప్పు భయం ఉంటుంది. స్లాబ్ ఇల్లు గాలివానకి నిలబడుతుంది, మే నెలలో మాత్రం రాత్రి దాకా వేడి దిగదు. రెండు బొమ్మ ఇళ్ళు చేసి, ఒకటి మట్టి మందంగా పూసి గడ్డి కప్పి, ఇంకోటి రేకు ముక్కతో, ఎండలో పెట్టి లోపల చెయ్యి పెట్టి చూడమనండి. రేకు అంచులకి టేపు వేయడం మర్చిపోకండి. ఆ తర్వాత నవ్వరు, ప్రశ్నలు వేస్తారు.

పిల్లల్లో ఎవరైనా అలాంటి ఇంటినుంచే వస్తుంటే ఆ పిల్ల చేతే చెప్పించండి, వాళ్ళ ఇంటి కప్పు ఎప్పుడు మార్చారు, ఎంతమంది వచ్చారు, తను ఏం అందించింది అని. గడ్డి కట్టలు ఎలా కడతారో క్లాసులో ఆ పిల్లకి తప్ప ఇంకెవరికీ తెలీదు.

తుఫాను గురించి చెప్తే భయపడతారేమో?

భయం వాళ్ళకి ముందే ఉంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2014లో అదే తారీఖున హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర. తిత్లీకి గజపతి జిల్లాలో వానలకి కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. దసరా రోజుల్లో మబ్బు పడితే మన ఇళ్ళలో పెద్దవాళ్ళ మొహాలు మారతాయి, పిల్లలు అది చూస్తారు. ఇల్లు గాలిని ఎలా తట్టుకుంటుందో, ఏం చేస్తే ఇంకా బాగా తట్టుకుంటుందో చెప్తే చేయగలిగేది ఉందని తెలుస్తుంది.

గాలి కప్పుని కిందకి నొక్కుతుందని అనుకుంటాం గానీ చాలాసార్లు పైకి లేపుతుంది. ఒక కాగితాన్ని పెదాల కింద పట్టుకుని దాని పైనుంచి ఊదితే కాగితం లేస్తుంది, అది చూపించండి. అందుకే కప్పుని గోడకి, గోడని పునాదికి కట్టి ఉంచాలి, ఊరికే ఆనించి పెట్టకూడదు. చీపురుపుల్లలు, సైకిల్ ట్యూబు ముక్కలు తీసుకుని ఒక చతురస్రం, ఒక త్రికోణం కట్టించండి. చతురస్రం పక్కకి తోస్తే ఒరిగిపోతుంది, త్రికోణం ఒరగదు. చతురస్రానికి మూల నుంచి మూలకి ఒక పుల్ల కడితే అదీ ఆగిపోతుంది. పెంకుటింటి కప్పు కింద దూలాలు చూస్తే ఆ త్రికోణాలే కనపడతాయి.

చిన్నవాళ్ళకి నష్టాల ఫోటోలు, వీడియోలు చూపించకండి. ఇల్లు పోగొట్టుకున్న పిల్లలు క్లాసులో ఉండొచ్చు, వాళ్ళు చెప్తానంటే వినండి, అడిగి చెప్పించకండి. తుఫాను షెల్టర్ ఊళ్ళో ఎక్కడుందో మాత్రం అందరికీ తెలియాలి, ఒకసారి నడిపించి చూపించండి.

మా క్లాసులో చాలామంది అమ్మానాన్నలు మేస్త్రి పనికో కూలికో వెళ్తారు. అది ఎలా మాట్లాడాలి?

గౌరవంగా, పేరు పెట్టి. ఒక మేస్త్రిగారిని, ఒక వడ్రంగిని, స్లాబు రోజు గమేళాలు అందించే ఒక అమ్మని క్లాసుకి పిలవండి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి, పిల్లలు "మేస్త్రిగారూ మీ తాపీ చూపిస్తారా" అని అడగాలి. పనిముట్లు వాళ్ళ చేతుల్లోనే ఉండనివ్వండి, ఎలా పట్టుకుంటారో చూపించమనండి. ఆ రోజు కూలి పోతుంది కదా, కాబట్టి పని లేని రోజు చూసి పిలవండి లేదా ఆ కూలి బడి తరఫున ఇవ్వండి. తన నాన్న క్లాసు ముందు నిలబడి మూలమట్టం చూపిస్తుంటే ఆ పిల్లాడి మొహం చూడాలి మీరు.

మన జిల్లాల నుంచి హైదరాబాద్, విశాఖ, కేరళ దాకా కట్టడం పనులకి పోయేవాళ్ళు ఎంతోమంది. పశ్చిమ ఒడిశాలో బలంగీర్, నువాపడా నుంచి కుటుంబాలకి కుటుంబాలు పిల్లలతో సహా తెలంగాణ, ఆంధ్ర ఇటుక బట్టీలకి పోతాయి. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి ఇది చెప్పొచ్చు, మన ఇటుక ఎవరో చేశారని, వాళ్ళకీ మీ వయసు పిల్లలున్నారని. కానీ పని నేర్పిస్తున్నాం అని ఏ పిల్లల్నీ నిజం పనిలో పెట్టకండి. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం 2016 చట్ట సవరణతో నిషేధం, క్లాసులో బొమ్మ ఇటుకలు చేయడం వేరు, సైట్‌లో ఇటుకలు మోయించడం వేరు.

ఇది మగపిల్లల ఆట కదా, మా అమ్మాయికి ఎందుకు అన్నారు మా అత్తగారు.

ఏ స్లాబు రోజైనా అత్తయ్యగారిని సైట్ దాకా తీసుకెళ్ళండి, సగంమంది ఆడవాళ్ళే కనపడతారు. మట్టి ఇళ్ళలో గోడ పూత, అలుకు ఎప్పట్నించో ఆడవాళ్ళ చేతి పనే. తాపీ ఎక్కువగా మగవాళ్ళ చేతిలోనే ఉంది, ఇప్పుడు మన అమ్మాయిలకి అది మారాలి.

బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఏ భాషలో చెప్పాలి?

పిల్లలకి ఏది ముందు వస్తే అందులో. ఇటా అన్నా ఇటుక అన్నా చేతిలో ఉన్నది ఒకటే, సవర పిల్లలుంటే వాళ్ళ మాట కూడా బోర్డు మీదకి రావాలి. చేతులు పని చేస్తున్నప్పుడు మాటలు వాటంతటవే కలుస్తాయి.

బ్లాకుల సెట్ కొనాలా? చాలా ఖరీదు ఉన్నాయి.

కొనక్కర్లేదు. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన చిన్నపిల్లల బడి పెట్టినప్పుడు ఇచ్చిన సామాన్లలో ఒకటి, ఒక చెక్క ఘనాన్ని ఎనిమిది చిన్న ఘనాలుగా కోసింది, అంతే. చిన్నప్పుడు ఫ్రోబెల్ చెక్కలతో ఆడుకున్నవాళ్ళలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే అమెరికా ఆర్కిటెక్ట్ ఒకరు, ఆ ఆట తనకి ఎంత ఉపయోగపడిందో పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నారు. మన వీధి వడ్రంగి దగ్గర కోసిన ముక్కలు అడిగితే ఇస్తారు. గరుకు కాగితంతో అంచులు బాగా రుద్దండి, రంగు వేయకండి, చిన్నవాళ్ళు నోట్లో పెట్టుకుంటారు. కొలతలు మాత్రం కలిసేలా చూడండి, రెండు చిన్నవి కలిపితే ఒక పెద్దది అవ్వాలి.

శంకుస్థాపన, వాస్తు గురించి అడిగితే?

మీ ఇంట్లో చేసేది ఉన్నదున్నట్టు చెప్పండి. ఎండ ఎటు వస్తుంది, గాలి ఎటు వస్తుంది అనేది మాత్రం పిల్లలతో చూపించి చెప్పించండి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి కిటికీ దగ్గర నిలబెడితే చాలు.

నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

మొదట్లో ఒక ఇల్లు గీయించి పేరు రాసి దాచండి. పాఠాలన్నీ అయ్యాక మళ్ళీ గీయించండి. నేల గీత కింద ఏమైనా గీశారా చూడండి, కిటికీ మీద లింటెల్ గీత ఉందా, కప్పు గోడ మీద కూర్చుందా గాల్లో తేలుతోందా చూడండి. మార్కులు వేయకండి. పక్కన కూర్చుని "ఇదేంటమ్మా" అని వేలు పెట్టి అడగండి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు బొమ్మ కిందే రాసి తారీఖు వేయండి, తల్లిదండ్రుల మీటింగ్‌లో రెండు బొమ్మలూ పక్కపక్కన చూపించడానికి పనికొస్తాయి.

చేసిన మట్టి ఇళ్ళు, ఇటుకలు ఏం చేయాలి? చోటు లేదు.

కొన్ని రోజులు పెట్టి తర్వాత పిల్లల చేతే కూల్పించండి, చాలా ఇష్టంగా చేస్తారు. కూల్చేటప్పుడు ఏ ముక్క తీస్తే మిగతాది పడుతుందో ముందే చెప్పమనండి, ఇది కూడా పాఠమే. మట్టిని బకెట్‌లో నానబెట్టి గడ్డీ రాళ్ళూ ఏరేసి ముద్దలు చేసి తడిగుడ్డ చుట్టి ఉంచితే వచ్చే బ్యాచ్‌కి మళ్ళీ వాడుకోవచ్చు.